“బాగుంది” అని పక్కన పెట్టేశారు, నా పోర్ట్‌ఫోలియోలో ఏం మార్చాలి?

ప్రశ్న: అక్కా, నేను గ్రాఫిక్ డిజైనర్‌ని. మూడేళ్ళు ఒక చిన్న స్టూడియోలో పనిచేశాను. ఉద్యోగం మారదామని నా పనులన్నీ చూపించే పోర్ట్‌ఫోలియో తయారు చేసుకున్నాను, 38 పేజీలు వచ్చింది. రెడీమేడ్ టెంప్లేట్ ఒకటి తీసుకుని నల్ల బ్యాక్‌గ్రౌండ్, బంగారు రంగు గీతలు పెట్టి బాగా మార్చుకున్నాను. ఫ్రెండ్స్ అందరూ అదిరిందన్నారు. పోయిన వారం ఇంటర్వ్యూలో మాత్రం ఇద్దరు కూర్చుని చకచకా తిప్పేసి “డిజైన్ బాగుంది” అని పక్కన పెట్టేశారు. పని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ తర్వాత కబురు కూడా లేదు. వచ్చే నెలలో ఇంకో రెండు ఇంటర్వ్యూలున్నాయి, ఒకటి ప్యాకేజింగ్ కంపెనీలో, ఇంకోటి యాప్‌లు చేసేచోట. లుక్ మొత్తం మార్చాలా? ఏ ఫాంట్లు, ఏ రంగులు వాడాలి? ప్రింట్ తీసుకెళ్ళాలా, ల్యాప్‌టాప్‌లో చూపిస్తే సరిపోతుందా? నలుగురం కలిసి చేసిన పని పెట్టుకోవచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫైలు జత చేశాను, చూడండి. పేరు మాత్రం వేయొద్దు.

సమాధానం: తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. నీ ఫైలు రెండుసార్లు చూశాను. మొదటిసారి ఇంటర్వ్యూలో కూర్చున్నట్టే, గడియారం ముందు పెట్టుకుని ఐదు నిమిషాల్లో. రెండోసారి తీరిగ్గా, పెద్దది చేసుకుని. రెండోసారి చూస్తేగానీ నీ పని ఏమిటో నాకు తెలియలేదు, చిక్కంతా అక్కడే ఉంది. పని బాగుంది, ఆ మాట ముందే చెప్తున్నాను. ముఖ్యంగా 31వ పేజీలో ఉన్నది. దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ముందు ఆ ఇద్దరి గురించి. వాళ్ళు అడగలేదంటే నీ మీద ఆసక్తి లేకే అనుకోనక్కర్లేదు, అడగడానికి వాళ్ళకి ఏదీ చిక్కి ఉండదు. నేను పన్నెండేళ్ళుగా బల్లకి అటువైపు కూర్చుని కొత్తవాళ్ళ పని చూస్తున్నాను. ప్రతిసారీ గమనించేది ఒకటుంది, చూసేవాళ్ళ చూపుడు వేలు. పేజీలో ఏదో ఒకచోట ఆ వేలు ఆగి “ఇది ఇలా ఎందుకు చేశావు?” అన్న మాట వచ్చిందంటే ఇక ఇంటర్వ్యూ దానంతటదే నడుస్తుంది. వేలు ఎక్కడా ఆగకుండా పేజీ అంచు పట్టుకుని తిప్పుతూనే ఉందంటే చివర్లో “బాగుంది” తప్ప ఇంకో మాట రాదు. అందుకే లుక్ ఎలా ఉండాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, ఆ వేలు ఆగడానికి చోటు ఇవ్వు. రంగు, ఫాంటు, కాగితం, ఖాళీ జాగా, అన్నీ దాని కోసమే.

కొన్నేళ్ళ కిందట ఒకమ్మాయి వచ్చింది. అప్పటికే ఆ రోజు ఆరుగురిని చూసి మా కళ్ళు అలిసిపోయి ఉన్నాయి. ఆమె తెచ్చింది మామూలు ఏ4 సైజు పుస్తకం, తెల్ల కాగితం, మొదటి నుంచి చివరిదాకా ఒకే ఫాంటు. మూడో పేజీలో ఎడమవైపు ఒక మాత్రల స్ట్రిప్ ఫోటో ఉంది, సగానికి కత్తిరించిన స్ట్రిప్. కత్తెర సరిగ్గా ఎక్స్‌పైరీ తేదీ మీదుగా వెళ్ళింది, “20” వరకే మిగిలింది, ఏ సంవత్సరమో తెలీదు. దాని కింద పెన్సిల్‌తో గీసుకున్న బొమ్మ, చెరిపిన మరకలతో సహా. కుడివైపు పేజీలో ఆమె చేసిన కొత్త స్ట్రిప్, ప్రతి మాత్ర వెనకా చిన్న అక్షరాల్లో తేదీ. కింద ఒక్క వాక్యం: “ఎలా కత్తిరించినా తేదీ మిగలాలి.” నా పక్కన కూర్చున్నాయన వేలు నేరుగా ఆ తెగిపోయిన తేదీ మీద పడింది. మాత్ర మాత్రకీ అచ్చు వేస్తే అక్షరం ఇంత చిన్నదైపోతుంది కదా, పెద్ద వయసువాళ్ళు చదవగలరా అని అడిగాడు. ఆమె బ్యాగులోంచి అసలు సైజులో తీసిన ప్రింటు తీసి ఆయన చేతికిచ్చింది, మీరే చూడండి అని. ఇరవై నిమిషాలు ఆ ఒక్క పేజీ మీదే గడిచిపోయాయి. మిగతా పేజీలు మేం సరిగా తిప్పనేలేదు. ఉద్యోగం ఆమెకే వచ్చింది.

ఇప్పుడు నీ ఫైలు దగ్గరికి వద్దాం. కవర్ మీద నీ పేరు పేజీ నిండా ఉంది, చుట్టూ బంగారు గీతలు. రెండో పేజీలో నీ ఫోటో. మూడోది విషయసూచిక. నాలుగో పేజీలో చిన్నప్పటి నుంచీ నీకు బొమ్మలంటే ఎంత ఇష్టమో చెప్పే పెద్ద పేరా. ఐదో పేజీలో సాఫ్ట్‌వేర్ల పక్కన పట్టీలు, ఫోటోషాప్ 90 శాతం, ఇలస్ట్రేటర్ 85 శాతం. అంటే నీ పని మొదలయ్యేసరికి ఆరో పేజీ వచ్చింది, అప్పటికి చూసేవాళ్ళ చెయ్యి తిప్పడానికి అలవాటు పడిపోయింది. ఇంటర్వ్యూలో నువ్వు ఎదురుగానే కూర్చుని ఉంటావు కదా, ఫోటో దేనికి? ఆ పట్టీలు మాత్రం ఇవాళే తీసెయ్. 90 శాతం అంటే దేనిలో 90, మిగిలిన పది ఏమిటి అని ఎవరైనా అడిగితే నీ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా ఉండదు. కవర్ మీద పేరు, ఏం పని చేస్తావో ఒక్క ముక్క, ఫోను, ఈమెయిల్, అంతే చాలు, అదీ చదవడానికి వీలైన మామూలు సైజులో. కవర్ తిప్పగానే పని కనపడాలి.

టెంప్లేట్ వాడటం తప్పా అంటే తప్పేం కాదు. కానీ ఆ టెంప్లేట్ చేసినవాళ్ళకి నీ పని ఏమిటో తెలీదు. ఎవరి పనైనా ఇమిడిపోయేలా వాళ్ళు పెట్టెలు గీసి పెట్టారు, నువ్వు నీ పనిని ఆ పెట్టెల కొలతకి కోసుకున్నావు. 14వ పేజీలో నువ్వు చేసిన పోస్టర్ నిలువుది, దాన్ని అడ్డం పెట్టెలో ఇరికించడం కోసం పైనా కిందా కత్తిరించావు. పోస్టర్‌లో నువ్వు అంత జాగ్రత్తగా వదిలిన ఖాళీ జాగా మొత్తం పోయింది! డిజైనర్ ఉద్యోగానికి వెళ్తూ నీ డిజైన్‌నే నువ్వు కోసి చూపిస్తే ఎలా? మొదట పని మొత్తం బల్ల మీద పరుచుకో, ఏది నిలువు, ఏది అడ్డం, ఏది పెద్దగా చూస్తేనే అర్థమవుతుంది, ఏది అరచేతిలో పట్టేది, ఇవన్నీ చూసుకుని అప్పుడు పేజీ గీసుకో. పేజీని 12 నిలువు గళ్ళుగా విభజించుకుంటే సుఖం, ఎందుకంటే 12ని రెండుగా, మూడుగా, నాలుగుగా, ఆరుగా ఎలాగైనా పంచుకోవచ్చు. ఒక పేజీలో ఒకే పెద్ద బొమ్మ, ఇంకో పేజీలో మూడు చిన్నవి పెట్టినా అంచులు ఒకే గీత మీద నిలబడతాయి, పుస్తకం మొత్తం ఒక చేత్తో చేసినట్టు ఉంటుంది. చూసేవాళ్ళు ఆ గళ్ళని గుర్తుపట్టరు, పట్టనక్కర్లేదు కూడా.

మాకప్‌ల మీద, అంటే పనిని నిజం వస్తువులా చూపించే రెడీమేడ్ బొమ్మల మీద, కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నీ ఫైల్లో నన్ను బాగా బాధపెట్టింది అదే. పాలరాయి మీద గాల్లో తేలుతున్న విజిటింగ్ కార్డులు, ఆకు నీడ పడిన బ్రోచర్, ఎవరిదో చేతిలో ఫోను. అవే పాలరాళ్ళు, అవే ఆకు నీడలు మేం రోజూ చూస్తాం, ఎవరు డౌన్‌లోడ్ చేసుకున్నా అవే వస్తాయి కాబట్టి. వాటిలో పెట్టగానే నీ పని కూడా ఎవరిదో అయిపోతుంది. ఆ బ్రోచర్ నిజంగానే అచ్చయిందని రాశావు. అయితే దాన్నే ఫోటో తియ్యి తమ్ముడూ! కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, ఫ్లాష్ ఆపేసి, పగటి వెలుతురులో ఫోనుతో తీసినా చాలు. కింద ఒక తెల్ల కాగితం పరుచు, వెలుతురు రాని వైపు ఇంకో తెల్ల కాగితం నిలబెడితే నీడ కాస్త మెత్తబడుతుంది. మడత పెట్టిన చోట కాగితం అంచు కొంచెం తెల్లబడి ఉంటుంది చూడు, అది కనపడనివ్వు. ఇది నిజంగా అచ్చయి, జనం చేతుల్లోకి వెళ్ళిన వస్తువని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం ఉండదు. అచ్చు కాని పని అయితే నువ్వే ఒక ప్రింటు తీసి, కత్తిరించి, మడిచి ఫోటో తియ్యి. పెద్ద బోర్డుల్లాంటి, ఇంకా కట్టని వాటికి మాకప్ తప్పదు, అక్కడ వాడుకో, పక్కన మనిషి నిలబడితే ఎంత ఎత్తో తెలిసేలా.

నల్ల బ్యాక్‌గ్రౌండ్ సంగతి. తెర మీద, ఫోటోలూ సినిమా స్టిల్సూ చూపించేవాళ్ళకి నలుపు నప్పుతుంది. నీ పనిలో సగానికి పైగా తెల్ల కాగితం మీద అచ్చయినవి, అవి నల్ల పేజీలో దీపాల్లా మెరిసి కళ్ళలో గుచ్చుకుంటున్నాయి. పైగా దీన్ని ప్రింట్ తీస్తే పేజీ నిండా సిరా, ఆ నలుపు మీద ప్రతి వేలిముద్రా కనపడుతుంది, సన్నటి తెల్ల అక్షరాల్లోకి సిరా పాకి మూసుకుపోతాయి. వేలు పెట్టి చూపించాల్సిన పుస్తకం మీద వేలు పెట్టడానికే భయపడితే ఇంకేముంది? తెలుపు పెట్టు, లేదా తెలుపుకి ఒక మెట్టు తగ్గిన లేత బూడిద రంగు. పేజీ నంబర్లకీ శీర్షికలకీ ఒకే ఒక్క రంగు ఎంచుకో, అది కూడా లేకపోయినా నష్టం లేదు. నీ పనుల్లో ఉన్న రంగులు చాలు, వాటితో పోటీపడే రంగు పేజీకి ఎందుకు?

క్యాప్షన్ల రంగు గురించి ఒక లెక్క చెప్తాను, ఇది ఊహ కాదు. అందరూ చదవగలిగేలా వెబ్ పేజీలు ఎలా ఉండాలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ వాళ్ళు పెట్టుకున్న ప్రమాణం ప్రకారం మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా, కనీసం 4.5కి 1 ఉండాలి, పెద్ద అక్షరాలకైతే 3కి 1 చాలు. డిజైనర్లకి ఎంతో ఇష్టమైన ఆ లేత బూడిద, 999999 అనే కోడ్ ఉన్న రంగు, తెలుపు మీద 3 కూడా దాటదు. 767676కి దిగితే సరిగ్గా 4.5 దాటుతుంది. మీటింగ్ రూముల్లో ప్రొజెక్టర్ వెలిసిపోయి ఉంటే ఇంకా తగ్గుతుంది కాబట్టి నేనైతే ఇంకా ముదురు రంగే వాడతాను. అలాగే 22వ పేజీలో చార్టులో “ముందు” ఎరుపు, “తర్వాత” ఆకుపచ్చ పెట్టావు, ఆ రెండు రంగుల తేడా సరిగా కనపడని మగవాళ్ళు చాలామందే ఉంటారు, అలాంటివాళ్ళలో ఒకరు నీ ఎదురుగా కూర్చోవచ్చు. పక్కన మాట కూడా రాయి. మొత్తం ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ తీసి చూసుకో, అందులో అర్థమైతే రంగులో ఢోకా లేదు.

ఫాంట్లు లెక్కపెట్టాను, ఏడున్నాయి. నీ పేరుకి ఒకటి, శీర్షికలకి ఒకటి, కొటేషన్లకి చేతిరాత లాంటిది ఒకటి, ఇలా. పనులన్నిటికీ వేరువేరు ఫాంట్లు వాడి ఉంటావు కదా, వాటి మీద ఈ ఏడూ వచ్చి పడ్డాయి. ఒక్క ఫాంటు కుటుంబం తీసుకో, అందులో మామూలుదీ బొద్దుదీ రెండే, సైజులు మూడు: శీర్షికకి, క్యాప్షన్‌కి, పేజీ నంబరుకి. ప్రింటులో క్యాప్షన్ 9 లేదా 10 పాయింట్లు, 8 కంటే దిగొద్దు. పాత ఫాంటు వాడితే వెనకబడ్డాడనుకుంటారేమో అని భయపడొద్దు, హెల్వెటికా 1957లో వచ్చింది, ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు. తెలుగులో చేసిన పోస్టర్లు రెండున్నాయి నీ దగ్గర, వాటి క్యాప్షన్లు కూడా తెలుగులో రాస్తే మాత్రం వరసల మధ్య జాగా పెంచు. ఇంగ్లిష్‌కి సరిపోయిన ఎడం మనకి సరిపోదు, పైవరస వత్తులు వచ్చి కిందివరస గుడుల మీద కూర్చుంటాయి. పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో చేస్తున్నట్టయితే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకున్నావో లేదో చూసుకో, లేకపోతే వత్తులు ఊడి పక్కకి పడతాయి, 27వ పేజీలో నీకు జరిగింది అదే. తెలుగు చదివేవాళ్ళు బల్ల దగ్గర ఒక్కరున్నా వాళ్ళ వేలు అక్కడే ఆగుతుంది, మనకి ఆ రకంగా ఆగడం వద్దు.

38 పేజీలు ఎక్కువ. ఆరు పనులు, మరీ అయితే ఎనిమిది, పదహారు పద్దెనిమిది పేజీలకి మించకుండా. ఏది తీసెయ్యాలో తేల్చుకోలేకపోతే ఒక్కో పని ముందూ కూర్చుని నిన్ను నువ్వే అడుగు, దీని గురించి నేను పది నిమిషాలు మాట్లాడగలనా? లేకపోతే అది ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టు. వరసలో మొదటిదీ చివరిదీ మనిషికి బాగా గుర్తుంటాయనీ, మధ్యవి జారిపోతాయనీ మనస్తత్వ శాస్త్రం ఎప్పటినుంచో చెప్తోంది, కాబట్టి అన్నిటికంటే బాగా మాట్లాడగలిగిన పని మొదట, దాని తర్వాతిది చివర. ఏ సంవత్సరం ఏది చేశావన్న వరస ఎవరికీ అక్కర్లేదు, అది రెజ్యూమేలో ఉంటుంది. రెండు ఇంటర్వ్యూలన్నావు, ఒకటి ప్యాకేజింగ్ కంపెనీ, ఇంకోటి యాప్‌లు చేసేదని కదా, మొదటి పని రెండుచోట్లా ఒకటే ఉండనక్కర్లేదు.

ప్రతి పనికీ మాటలు ఎంత ఉండాలి? మూడు నాలుగు వరసలు. ఎవరి కోసం, వాళ్ళకొచ్చిన ఇబ్బంది ఏమిటి, నువ్వేం నిర్ణయించావు, ఆ తర్వాత ఏమైంది. చివరిదానికి అంకెలు లేకపోతే లేవు, కల్పించొద్దు, “అచ్చయింది, ఇప్పటికీ అదే వాడుతున్నారు” అన్నా చాలు. నీ క్యాప్షన్లలో “ఆధునికమైన, ఆకర్షణీయమైన బ్రాండ్ అనుభూతి” అన్న మాట నాలుగుచోట్ల ఉంది. ఆ మాటని పట్టుకుని ఎవరైనా ఏం అడగగలరు చెప్పు? “దుకాణం వెలుతురులో ఎరుపు గోధుమరంగులా కనపడింది, అందుకే నీలానికి మార్చాం” అని రాస్తే అడగడానికి బోలెడుంది. ఇంకోటి, ప్రతి పనికీ కాకపోయినా రెండు మూడు వాటికైనా పనికిరాదని వదిలేసిన ఒక ప్రయత్నం పెట్టు. పెన్సిల్ గీత అయినా సరే. పూర్తయిన పని చూస్తే నీ చెయ్యి ఎలాంటిదో తెలుస్తుంది, వదిలేసినదాన్ని చూస్తే నువ్వెలా ఆలోచిస్తావో తెలుస్తుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళకి రెండోదే కావాలి.

నలుగురు కలిసి చేసిన పని తప్పకుండా పెట్టుకో. స్టూడియోల్లో పనిచేసినవాళ్ళలో ఒంటరిగా చేసేవాళ్ళెవరున్నారు? కాకపోతే మొదటి వరసలోనే రాయి: నలుగురం చేశాం, లోగో, రంగులు వేరే ఇద్దరివి, లోపలి పేజీల అమరిక నాది, ఫోటోలు ఇంకొకరివి. వాళ్ళ పేర్లు వెయ్యొచ్చో లేదో వాళ్ళనే అడుగు. నీది కాని భాగాన్ని చిన్నదిగా చూపించి నీ భాగాన్ని పేజీలో పెద్దది చెయ్యి, అప్పుడు చూపే ఆ మాట చెప్తుంది. ఇలా రాసుకోకుండా వచ్చి, లోగో గురించి అడిగితే నీళ్ళు నమిలినవాళ్ళని నేను చూశాను, అప్పటిదాకా చూపించిన మంచి పని కూడా ఆ ఒక్క క్షణంలో అనుమానంలో పడుతుంది. ఇంకా బయటికి రాని పనీ, గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టిన పనీ అయితే పాత ఆఫీసు అనుమతి లేకుండా చూపించొద్దు. పేరు చెరిపేసి చూపిస్తే ఫర్వాలేదనుకోకు, రేపు మా పని కూడా ఇలాగే బయట చూపిస్తాడు అనుకుంటారు.

ప్రింటా, ల్యాప్‌టాపా? రెండూ తీసుకెళ్ళు, ప్రింటు చేతిలో ఉంచుకో, తెర మీద మాత్రమే బతికే యాప్‌లూ కదిలే బొమ్మలూ ల్యాప్‌టాప్‌లో చూపించు. తెర కోసం చేసే ఫైలు అడ్డంగా, 1920 బై 1080 పిక్సెళ్ళలో చేసుకుంటే ఎక్కువ తెరల మీద నిండుగా కూర్చుంటుంది. అదే ఫైలుని ఏ4 మీద ప్రింట్ చేస్తే పైనా కిందా తెల్ల పట్టీలు వస్తాయి, ఏ4 నిష్పత్తి వేరు, 297 బై 210 మిల్లీమీటర్లు. ఒకదాన్నే రెండింటికీ సాగదీయకుండా రెండు ఫైళ్ళు చేసుకో, ఒక సాయంత్రం పని. ప్రింటుకి బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, అంటే 150 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫోటోకి సుమారు 1800 పిక్సెళ్ళు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు పెట్టినట్టున్నావు, 9వ పేజీ మసకగా ఉంది. తెర మీద నిప్పులా ఉన్న ఆకుపచ్చా నీలమూ కాగితం మీద చప్పబడతాయి, సిరాలతో ఆ రంగులు రావు, అది నీ తప్పు కాదు కానీ ముందే ఒక పేజీ ప్రింట్ తీసి చూసుకోవాలి. కాగితం మ్యాట్, అంటే మెరవనిది తీసుకో, 150 నుంచి 170 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు), వెనక పేజీ బొమ్మ ఇటువైపు కనపడదు. మెరిసే కాగితం, ప్లాస్టిక్ కవర్లు వద్దు, నెత్తిమీద ట్యూబ్‌లైట్ ఉంటే చూసేవాళ్ళకి లైటే కనపడుతుంది. బైండింగ్ తీగ చుట్ట వేయించు, బల్ల మీద పూర్తిగా తెరుచుకుని పడుకుంటుంది. జిగురు బైండింగ్ అయితే నడిమి మడతలో బొమ్మ మునిగిపోతుంది, పైగా చెయ్యి తియ్యగానే మూసుకుపోతుంది.

ఫైలు మాత్రం పీడీఎఫ్‌గానే, ఫాంట్లు లోపల ఎంబెడ్ చేసి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఉద్యోగాలకి తిరుగుతున్న కొత్తలో ఒకచోట నా ఫైలు వాళ్ళ కంప్యూటర్‌లో తెరిచారు, పీడీఎఫ్ చెయ్యకుండా అసలు ఫైలే తీసుకెళ్ళాను. నా ఫాంటు వాళ్ళ దగ్గర లేదు, దాని బదులు వేరేదేదో వచ్చి కూర్చుంది, శీర్షికలన్నీ విరిగి రెండో వరసలోకి దిగి బొమ్మల మీదెక్కాయి. అక్షరాల అమరిక నా బలం అని అప్పుడే చెప్పి ఉన్నాను. అది నా డిజైన్ కాదని చెప్పుకోవడంతోనే ఆ అరగంట అయిపోయింది, చాలా రోజులు ఆ గది గుర్తొస్తే గొంతు పట్టేసేది. అందుకే ఇప్పటికీ ఏ ఫైలు పంపినా ముందు వేరేవాళ్ళ కంప్యూటర్‌లో ఒకసారి, ఫోనులో ఒకసారి తెరిచి చూస్తాను. మెయిల్‌లో పంపాల్సి వస్తే సైజు చూసుకో, జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే జతచేయలేవు. నీది 61 ఉంది, 10 లోపు తేవచ్చు. ఫైలు పేరు “ఫైనల్ కొత్తది 4” అని ఉంది, నీ పేరూ, పోర్ట్‌ఫోలియో అన్న మాటా పెట్టు. వాళ్ళ ఫోల్డర్‌లో ఇలాంటి ఫైనల్‌లు ఎన్నుంటాయో.

ఇంకోటి, దీన్ని ఎక్కువమంది ఆలోచించరు. ఇంటర్వ్యూలో పుస్తకం వాళ్ళ వైపు తిరిగి ఉంటుంది, నీకు తలకిందులుగా కనపడుతుంది. ఇంట్లో నీ పుస్తకాన్ని తలకిందులుగా పెట్టుకుని, ఎదురుగా ఎవర్నైనా కూర్చోబెట్టి, ఏ పేజీలో ఏది ఎక్కడుందో వెతుక్కోకుండా వేలు పెట్టి చూపించగలవో లేదో చూసుకో. తడుముకుంటున్నావంటే పేజీలో సరుకు ఎక్కువైందని అర్థం. ఆ ఎదుటి మనిషి డిజైనర్ కాకపోతే ఇంకా మంచిది. వాళ్ళని మాట్లాడకుండా తిప్పమని, వేలు ఎక్కడ ఆగిందో రాసుకో. బాగుందా అని మాత్రం అడగొద్దు. నీ ఫ్రెండ్స్ అదిరిందన్నారంటే వాళ్ళకి నువ్వంటే ఇష్టం, అది మంచి విషయమే, కానీ ఈ పనికి అది ఉపయోగపడదు.

నెల రోజులుంది. కొత్తగా ఏమీ చెయ్యనక్కర్లేదు, ఉన్నదాన్ని తగ్గించి, ఫోటోలు తిరిగి తీసుకుంటే ఈ పుస్తకం రెండు వారాల్లో అయిపోతుంది. నిద్ర మానుకోకు.

ఇక 31వ పేజీ. లైబ్రరీకి నువ్వు చేసిన దారి చూపించే బోర్డులు. ఆ పేజీ మూలన, అగ్గిపెట్టంత సైజులో, ఒక ఫోటో పెట్టావు, దానిమీద బంగారు గీత కూడా ఒకటి పోతోంది. పెద్దది చేసి చూశాను. ఒక పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని నీ బోర్డు ముందు నిలబడి ఉన్నారు, ఒక చెయ్యి గోడకి ఆనించి, ఇంకో చేతి వేలు బాణం గుర్తు మీద పెట్టి. ఆ పక్క పేజీలో పాత బోర్డు ఫోటో ఉంది, అందులో బాణం పేరుకి కుడివైపు ఉంది, నీదాంట్లో ఎడమవైపుకి, పేరు కంటే ముందుకి వచ్చింది. ఎందుకో ఎక్కడా రాయలేదు. తమ్ముడూ, ఈ ఫోటోని కవర్ తర్వాత మొదటి పేజీలో, అంచు నుంచి అంచుకి పెట్టు. కింద పాత బోర్డు చిన్నగా. బాణం ఎందుకు జరిపావో రెండు వరసల్లో రాయి, అవే రెండు వరసలు నాకూ పంపు. ఫైలు మూసేసినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను.